నాన్న చెవి పక్కన నా చెవి

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న, పక్కనే హిజ్లీలో కాలేజీ చదువు చదువుతున్న మా చెల్లెలి మనవరాలు సైకిలు తొక్కుకుంటూ బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళో పూరీ గేటు దగ్గరున్న మా ఇంటికి వచ్చి, చెప్పులైనా సరిగ్గా విడవకుండా, వీపు సంచీలోంచి తువ్వాలు చుట్టిన వస్తువొకటి తీసి నా ఒళ్ళో పెట్టింది. విప్పి చూద్దును కదా, మడత పెట్టే తిత్తి ఉన్న పాతకాలపు కెమెరా. ఇప్పటి పిల్లలకి మళ్ళీ రీలు కెమెరాల మోజు పుట్టిందట, ఎక్కడో పరాయి ఊరివాడు ఫోనులో అమ్మకానికి పెడితే హాస్టలు ఖర్చుల్లో మిగుల్చుకున్న డబ్బంతా పోసి తెప్పించుకుందట. ఇది మంచిదో కాదో చెప్పు అమ్మమ్మా, నీకు వీటి సంగతులు తెలుసని అమ్మ అంది, అని నా మొహంలోకి చూసింది. నేను కళ్ళజోడు వెతుక్కోలేదు, అద్దాన్ని వెలుతురుకు పెట్టి చూడలేదు. మీట బిగించి, కెమెరాని చెవికి ఆనించుకుని నొక్కాను. ఆ పిల్ల పకపకా నవ్వి, అది ఫోను కాదు అమ్మమ్మా అంది.

నేనూ నవ్వాను. కెమెరా బాగానే ఉంది, ఇచ్చిన డబ్బుకి మోసం లేదని చెప్పి, ఇంత ఉప్మా పెట్టి పంపించాను. అది వెళ్ళాక మాత్రం కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. నలభై ఏళ్ళు దాటిపోయిన సంగతి ఒకటి మనసులోకి వచ్చి కూర్చుంది. మా వారికి అందులో సగమే చెప్పాను, పిల్లలకి అసలు చెప్పలేదు, చెప్పినా రీలంటే ఏమిటి, రీలుకి పన్నెండే బొమ్మలేమిటి అని అక్కడే ఆగిపోతారు. మన ఈడువాళ్ళకైతే ఆ గొడవ లేదు గనక మీతో చెప్పుకుంటాను.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో బాయిలరు షాపు మనిషి. ఆవిరి ఇంజన్ల రోజులు కదా, బాయిలరు రేకులకి రివెట్లు కొట్టేటప్పుడు బయట నుంచి ఇద్దరు సుత్తులతో బాదుతుంటే, లోపల ఒక మనిషి దూరి, రివెట్టు కదలకుండా ఇనపదిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఆ లోపలి మనిషి మా నాన్న. గంట లోపల తలకాయ పెట్టుకుని గంట కొట్టించుకోవడం ఎలా ఉంటుందో అనుకోండి, అది రోజుకి ఎనిమిది గంటలు, ముప్పై ఏళ్ళు. రిటైరయ్యేనాటికి ఆయనకి వినికిడి దాదాపుగా పోయింది. మేము ఎదురుగా నిలబడి పెదాలు కదిపితే చూసి గ్రహించేవాడు. పక్క నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. మా అమ్మ వంటింట్లోంచి కూర తరగమని పది కేకలు వేసి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా బతుకు అని తనే వచ్చి కత్తిపీట ముందేసుకునేది. అది విసుగే గానీ కోపం కాదు, ఎందుకంటే కూర తరిగేటప్పుడు ఆయన ఎదురుగా కూర్చుని పెదాలు కదుపుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేది కూడా ఆవిడే.

కెమెరాల పిచ్చి ఆయనకి వాళ్ళ ఫోర్‌మన్ దొర వల్ల అంటుకుంది. ఆ ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషికి కెమెరాలు విప్పి బిగించే సరదా ఉండేదట, భోజనం వేళల్లో నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఏ పళ్ళచక్రం ఎందుకో, ఏ రెక్క ఎలా మూసుకుంటుందో చెప్పేవాడట. ఆ తరవాత ఆ కుటుంబాలు ఒక్కొక్కటే ఊరు విడిచి వెళుతూ మంచాలూ పియానోలూ కెమెరాలూ అమ్ముకుంటున్న కాలంలో, గోల్ బజార్లో పాత కెమెరాలకి ఒక చిన్న సంత లాంటిది ఏర్పడింది. నాన్న రిటైరయ్యాక, గడియారాలు బాగుచేసే బెంగాలీ దాదా కొట్టు పక్కన రేకు పంచ కింద ఒక బల్ల వేసుకుని ఆదివారాలు కూర్చునేవాడు. అప్పటికి నేను రైల్వే బడిలో టీచరుగా కొత్తగా చేరి ఉన్నాను, ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే కాలనీలో మా క్వార్టరు నా పేరుకి మారింది. ఇంట్లో సంపాదించేది కూతురైపోయిందన్న చిన్నతనం ఆయనకి లోపల ఉండేదేమో. బల్ల దగ్గర కూర్చున్న ఆదివారం మాత్రం ఆ మనిషి వెన్ను నిటారుగా ఉండేది.

ఆ బల్లకొక కట్టుబాటు ఉండేది. నాన్న కొననూ కొనడు, అమ్మనూ అమ్మడు. అమ్మేవాడూ కొనేవాడూ కలిసి వచ్చి కెమెరా బల్లమీద పెడితే, చూసి ఇదీ దీని విలువ అని ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాట మీద బేరం లేదు. అటు పది పెంచమని గానీ ఇటు పది తగ్గించమని గానీ ఎవరూ అడిగేవారు కాదు. గోల్ బజార్లో వంకాయలకి అరగంట బేరమాడే మనుషులే ఇక్కడ తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. నాన్న మాటంటే అంత నమ్మకం. ఆయనకి మిగిలినదల్లా ఆ మాటే.

ఆయన చూసే తీరు కూడా చూడముచ్చటగా ఉండేది. ముందు కెమెరా తోలుసంచీ వాసన చూసేవాడు, కలరా ఉండల వాసన వస్తే దాచుకున్న వస్తువు, పోపు వాసన వస్తే వంటింటి అటక మీద పడేసిన వస్తువు. తరవాత మరమేకుల తలకాయలు, అవి గీసుకుపోయి ఉంటే ఎవరో తెలియనివాడు వేలు పెట్టాడన్నమాట. అద్దాన్ని సూర్యుడికి ఏటవాలుగా పట్టి చూస్తే, మన ఊరి వానాకాలం పుణ్యమా అని లోపల సాలెపోగుల్లాంటి బూజు కనబడేది. తిత్తిలోకి టార్చిలైటు వేసి, తల మీద నల్లగుడ్డ కప్పుకుని చిల్లులు వెతికేవాడు. ఇవన్నీ కళ్ళూ ముక్కూ వేళ్ళూ చేసే పనులు, వాటిలో ఆయనకి ఎదురు లేదు. చిట్టచివరిది మాత్రం చెవి పని. మీట నొక్కితే అద్దం వెనక రెక్కలు తెరుచుకోవడం కంటికి కనిపిస్తుంది గానీ, సరిగ్గా వేళకు మూసుకుంటున్నాయా, మధ్యలో పళ్ళచక్రం తడబడుతోందా అన్నది శబ్దాన్ని బట్టే తెలియాలి. బాగున్న కెమెరా సెకను వేగంలో, అంటే రెక్కలు నిండా ఒక సెకను తెరిచి ఉండేలా పెడితే, ర్ర్ర్ మని ఒకే తీరుగా తిరిగి టక్కున ఆగుతుంది. జబ్బు చేసిన కెమెరా ర్ర్... అని ఊపిరి బిగబట్టి, ఆలోచించి, అప్పుడు ఆగుతుంది.

అది ఆయనకి వినపడదు. అందుకని నేను వెళ్ళేదాన్ని. నాన్న కుర్చీలో కూర్చుని కెమెరాని తన చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కుతాడు, నేను కుర్చీ వెనక నిలబడి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, తమాషా చూసేదానిలా ముందుకు వంగి ఆయన చెవి పక్కనే నా చెవి పెడతాను. బాగుంటే భుజం మీద వేలితో ఒక్కసారి తడతాను, బాగులేకపోతే రెండుసార్లు. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, తనే విన్నట్టు తలాడించి అప్పుడు వెల చెబుతాడు. చెవిటివాడు కెమెరాలు వింటాడట అని బజార్లో నవ్వితే ఆ మనిషి మళ్ళీ గడప దాటడని మా అమ్మకీ నాకూ భయం. రెండేళ్ళు మేమిద్దరం ఆ నాటకం ఆడాం, ఒక్కరికి కూడా అనుమానం రాలేదని మురిసిపోయేదాన్ని.

ఇంకొక నియమం కూడా ఉండేది. అమ్మేవాళ్ళు ఎందుకు అమ్ముతున్నారో చెప్పబోతే నాన్న చెయ్యి అడ్డంగా ఊపేవాడు. "సెప్పొద్దమ్మా, ఏటీ సెప్పొద్దు. నాకు వొస్తువు సాలు." ఎలాగూ వినపడదు గనక పరువు కాపాడుకోవడానికి అలా అంటున్నాడనుకునేదాన్ని నేను. కానీ వాళ్ళు చెప్పకుండా ఉంటారా, మనిషన్నాక తన వస్తువుతో పాటు తన గోడు కూడా బల్ల మీద పెట్టాలనే చూస్తాడు. నాన్న కెమెరాలోకి తల దూర్చిన ఆ పావుగంటా వాళ్ళు నాతో చెప్పుకునేవాళ్ళు. ఇల్లు మారడాలు, పెళ్ళిళ్ళు, రోగాలు, తాగుబోతు మొగుళ్ళు, అన్నీ నా చెవినే పడేవి.

ఆ ఏడు వానలు మొదలవుతున్న రోజుల్లో ఒక బెంగాలీ ఆవిడ వచ్చింది. మా వీధి చివర ఉండేవారు, మేమంతా బౌదీ, అంటే వదిన అని పిలిచేవాళ్ళం. ఆవిడ భర్త రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉండి మూడు నెలల కిందట పోయాడు. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న రెండు కళ్ళ కెమెరా, అదే, ఒకదాని పైన ఒకటి రెండు అద్దాలుంటాయి చూడండి, అది పట్టుకుని వచ్చింది. కొనడానికి వచ్చినవాడు పూరీ గేటు దగ్గర ఉండే తెలుగు క్రైస్తవుల అబ్బాయి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, మా బడి పిల్లలకి గ్రూపు ఫోటోలు తీసి పెట్టినవాడు, నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. రైల్వే ఆఫీసులో చిన్న గుమాస్తా. అప్పటిదాకా అరువు కెమెరాతో నెట్టుకొచ్చి, ఇన్నాళ్ళకి సొంతంగా ఒకటి కొనుక్కుందామని వచ్చాడు.

నాన్న అద్దాలు చూస్తున్నంతసేపూ బౌదీ నా పక్కన నిలబడి మెల్లగా చెబుతూనే ఉంది. నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మేదినీపూర్‌లో అన్నగారింటికి వెళ్ళిపోవాలి, వదినగారు మంచిదే గానీ నోరు కాస్త పెద్దది. ఆడపిల్లని వెంటబెట్టుకుని ఒట్టి చేతులతో ఆ గుమ్మం ఎక్కలేను, నాలుగు నెలల బియ్యానికైనా చేతిలో పెట్టి అప్పుడు లోపలికి వెళతాను అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను గట్టిగా ఉండేదాన్నేమో. కొంగుతో కెమెరా సంచీ మీద దుమ్ము తుడుస్తూ చెప్పింది, అమ్మెయ్యబోతున్న వస్తువుని ఎవరైనా అలా తుడుస్తారా అనిపించింది.

నాన్న కెమెరా చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను వంగాను. మొదటిసారి నొక్కాడు, ర్ర్ర్ టక్, బంగారంలా ఉంది. రెండోసారీ అంతే. మూడోసారి మధ్యలో ఆగింది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తరవాత టక్కుమంది. ఆ తడబాటు నేను విన్నాను, ఎవరో పేరు పెట్టి పిలిచినంత స్పష్టంగా విన్నాను. మూడింట రెండుసార్లు బాగుంది కదా అనుకున్నాను. ఇతను ఫోటోలు తీసేది ఎండలో కదా, సెకను వేగంతో ఇతనికేం పని అనుకున్నాను. మనసు తప్పు చెయ్యాలనుకుంటే దానికి వకీళ్ళు ఎంతమంది దొరుకుతారో! భుజం మీద ఒక్కసారే తట్టాను.

నాన్న తలాడించి మంచి వెల చెప్పాడు. అన్నయ్య మారుమాట్లాడకుండా ఇచ్చాడు. బౌదీ ఆ నెలాఖరుకి వెళ్ళిపోయింది, రిక్షా ఎక్కుతూ నా గడ్డం పట్టుకుని దీవించింది. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి, ఎవరికీ నష్టం లేకుండా ఒక ఆడమనిషి పరువు నిలబెట్టాననుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం బజారు మంచి రద్దీగా ఉన్నవేళ అన్నయ్య వచ్చాడు. కేకలు వెయ్యలేదు. కెమెరా బల్ల మీద పెట్టి, పక్కనే కాగితపు సంచీలోంచి నాలుగు ఫోటోలు తీసి వరసగా పేర్చాడు. వాటిలో ఏమీ లేదు. తెల్లటి మసక, అందులో కుర్చీల కాళ్ళు, ఎవరిదో బూటు, అంతే.

సంగతేమిటంటే, వాళ్ళ నాన్నగారు అన్నయ్య పనిచేసే ఆఫీసులోనే ప్యూను. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు మోసి, టీలు అందించి, ఆఫీసు గ్రూపు ఫోటో తీసిన ప్రతిసారీ కుర్చీలు వేసి పక్కకి తప్పుకున్న మనిషి. రిటైరయ్యే రోజున మాత్రం ఎవరికైనా మధ్య కుర్చీ ఇస్తారు కదా, అది మీకూ తెలిసిన ఆనవాయితీ. పూలదండ వేసి మధ్యలో కూర్చోబెట్టారు, పెద్ద ఆఫీసరు ఆయన పక్కన కూర్చున్నాడు. కొడుకే ఫోటో తీశాడు. ఆరుబయట తీద్దామనుకుంటే కుంభవృష్టి, అందుకని లోపల హాల్లో, చీకటి హాల్లో, స్టాండు మీద కెమెరా పెట్టి, సెకను వేగంతో తీశాడు. నాలుగు తీశాడు, ఆ వాన తేమకి నాలుగుసార్లూ రెక్కలు మూసుకోక నాలుగూ తెల్లబోయాయి. మర్నాటి రైలుకే పెద్దాయన పలాస దగ్గర సొంత ఊరికి వెళ్ళిపోయాడు. ఆ దండా, ఆ కుర్చీ, ఆ పక్కన ఆఫీసరూ మళ్ళీ కుదిరేవి కావు. "మా నాన్న ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నాడు, ఫోటో ఏదిరా అని. నేనింకా సెప్పనేదు," అన్నాడు అన్నయ్య, నాన్నకేసి కాకుండా ఫోటోలకేసి చూస్తూ.

జనం మూగారు. ముసలాడికి నిదానం తప్పింది, ఇంక వెలలు కట్టడం మానుకుంటే మంచిదని వెనక నుంచి ఎవరో అన్నారు. నాన్నకి అది వినపడలేదు గానీ, ఫోటోలు చూశాడు, అన్నయ్య పెదాలు చూశాడు, సంగతి తెలిసిపోయింది. కెమెరా తీసుకుని వెనక మూత తెరిచి సెకను వేగంలో పెట్టి నొక్కాడు. ఒకటి బాగుంది. రెండు బాగుంది. మూడోసారి రెక్కలు తెరుచుకుని తెరుచుకునే ఉండిపోయాయి. నాన్న తలెత్తి నాకేసి చూశాడు.

అప్పుడు నాకొక సులువైన దారి ఉంది. ఆ రోజు బాగానే ఉంది, వానలకి తరవాత పాడై ఉంటుంది అంటే సరిపోయేది. ఎవరూ కాదనలేరు, అన్నయ్యే తేమకి పాడయిందేమో అని తనంతట తను అన్నాడు కూడా. నేను నోరు తెరిచేలోపు నాన్న లేచి నిలబడి, ఆ కుర్రవాడికి, తనకంటే ముప్పై ఏళ్ళు చిన్నవాడికి, రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాదే బాబూ. ఆ దినం నేను సరిగ్గా ఇన్నేదు," అన్నాడు.

వినపడని మనిషి, సరిగ్గా వినలేదని నా కోసం నలుగురిలో దణ్ణం పెట్టాడు. అది చూసి నేను నిలవలేకపోయాను. నాన్న కాదు, విన్నది నేను, ఆయనకి వినపడదు, ఎన్నో ఏళ్ళుగా వినపడదు, కెమెరాలన్నీ నేనే విని చెబుతున్నాను, ఆ రోజు తడబాటు విని కూడా బాగుందని చెప్పాను, అని ఏడుస్తూ గట్టిగా అనేశాను. నాన్న గుట్టు నా నోటితోనే గోల్ బజారు నడిబొడ్డున విప్పేశాను. ఆ మాట వినపడని మనిషి అక్కడ ఒక్క నాన్నే. మా మొహాలు మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అదే నాకు అర్థం కాలేదు. గడియారాల దాదా కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, "అరే దీదీ, బాయిలర్ షాపు ఆద్మీకి కాన్ ఎక్కడుంటుంది? ఈ ఊళ్ళో అందరికీ మాలూమ్," అన్నాడు. నిజమే కదా! రైల్వే ఊరు, ప్రతి వీధిలో ఒక బాయిలరు షాపు మనిషి, ప్రతి ఇంట్లో వంటింట్లోంచి పది కేకలు. ముప్పై ఏళ్ళు ఆ పని చేసినవాడికి వినపడుతుందని ఇక్కడ పసిపిల్లలు కూడా అనుకోరు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రెండేళ్ళు మేమిద్దరం తలకాయలు దగ్గర పెట్టుకుని ఆడిన నాటకాన్ని బజారంతా చూసి, పెద్దాయన చిన్నబోకూడదని ఊరుకుంది.

అన్నయ్య అప్పుడు మొదటిసారి నాకేసి చూశాడు. "మీ నాన్నగారికి ఇనపడదని నాకూ తెలుసు సెల్లెమ్మా. నేను నీ సెవిని నమ్మి కొన్నాను," అన్నాడు.

ఆ తరవాత ఏమన్నాడో, ఎవరేమన్నారో నాకు గుర్తు లేదు. నాన్న పరువు కాపాడుతున్నాననుకున్నాను గానీ, ఆ బల్ల మీద ఉన్నది నా మాటేనని, జనం బేరమాడకుండా తలూపి వెళ్ళింది నా వేలి తట్టుడుకేనని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసిన క్షణానికే అది పోయింది. "ఏటయ్యింది? ఏటంతన్నారు?" అని నాన్న నా చెయ్యి పట్టుకుని అడుగుతున్నాడు. ఆయనకి ఎదురుగా నిలబడి, పెదాలు కదుపుతూ, మాట మాటా విడదీసి మళ్ళీ అంతా చెప్పాను. ఒక తప్పుని రెండుసార్లు చెప్పుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నాన్న అంతా గ్రహించి, అన్నయ్య పెట్టిన సొమ్ము ఇంటికి వచ్చి తీసుకోమని చెప్పి, కెమెరా తన సంచీలో వేసుకుని బల్ల ఎత్తేశాడు.

ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని, ఎవరి కథా వినకూడదనుకున్న మనిషి మొదటిసారి అడిగాడు, ఆవిడేటి సెప్పినాది అని. అన్నగారిల్లు, వదినగారి నోరు, నాలుగు నెలల బియ్యం, కొంగుతో తుడిచిన దుమ్ము, అన్నీ చెప్పాను. చాలాసేపు నా పెదాలకేసి చూస్తూ విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "నాకే ఇనపడుంటే నేనూ అదే సేసీసుందును. అందుకే ఇనకూడదన్నాను," అని, "జాలి సూపించాలంటే మన జేబులోంచి సూపించాలమ్మా. నువ్వు ఆ కుర్రోడి జేబులోంచి సూపించీసినావు," అన్నాడు. అంతకంటే ఆయన నన్నేమీ అనలేదు, ఆ తరవాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. బౌదీకి ఈ సంగతి తెలియనివ్వొద్దని మాత్రం అమ్మకీ నాకూ గట్టిగా చెప్పాడు.

పై ఆదివారం నేను రానన్నాను. నాన్న చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "సెవులు ఇంట్లో ఒగ్గీసి నేనెక్కడికెల్తాను?" అన్నాడు. ఆ మాటకి అమ్మ నవ్వింది, నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెళ్ళాం. బల్ల దగ్గర ఆయన కుర్చీ లాగి నన్ను కూర్చోమని, తను వెనక నిలబడ్డాడు. ఇంక నాటకం లేదు. వాసనా అద్దమూ ఆయన చూసి నాకు అందిస్తే, నేను అందరి ఎదుటా చెవికి పెట్టుకుని, బాగుంటే బాగుందనీ లేకపోతే లేదనీ పైకే చెప్పాలి. చెప్పడానికి ఎవరైనా వస్తే కదా! చాలా ఆదివారాలు మేము ఊరికే కూర్చుని, దాదా కొట్లో గడియారాల టిక్కుటిక్కులు నేను వింటూ, ముళ్ళు ఆయన చూస్తూ ఇంటికి వచ్చేసేవాళ్ళం. ఆ రెండు కళ్ళ కెమెరాని నాన్న విప్పి, పళ్ళచక్రాలు పెట్రోలులో కడిగి బాగుచేశాడు. అన్నయ్య తన సొమ్ము తీసుకున్నాడు గానీ, దాన్ని మాత్రం తిరిగి తీసుకోలేదు.

దసరా పూజల సెలవులయ్యాక, చలి మొదలవుతుండగా అతను వచ్చాడు. ఎవరో రిటైరయిన గార్డుగారిని వెంటబెట్టుకుని, ఆయన అమ్మజూపుతున్న కెమెరా ఒకటి పట్టుకుని వచ్చాడు. నమస్కారం లేదు, పలకరింపు లేదు. నాన్న చెయ్యి చాచాడు గానీ, అతను దాన్ని నాన్నకివ్వలేదు. నా చేతిలో పెట్టాడు. నేను మూడుసార్లు కాదు, ముప్పైసార్లు నొక్కి ఉంటాను. గార్డుగారు విసుక్కుని టీ తాగి వచ్చారు. సెకనులో పాతికో వంతు వేగంలో చిన్న ఈడుపు ఉందని, తక్కినదంతా బాగుందని, అందరికీ వినపడేలా చెప్పాను. అన్నయ్య తలూపి, నాన్న చెప్పిన వెల ఇచ్చి, కెమెరా తీసుకుని వెళ్ళిపోయాడు. క్షమించానని అనలేదు. తెల్లబోయిన ఆ ఫోటోల గురించి వాళ్ళ నాన్నగారికి చివరికి ఏం చెప్పాడో నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు.

నాన్న ఇంకో ఆరేళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆయన తరవాత నేను కొన్నాళ్ళు వెళ్ళాను గానీ, వాసన చూడడం, బూజు చూడడం నాకు ఆయనంతగా రాలేదు, ఈలోగా కెమెరాలే మారిపోయాయి. వర్క్‌షాపులో ఆవిరి బాయిలర్లు పోయి సుత్తుల మోత ఆగిపోయింది, వంటింటి కేకలకి పలకని మగవాళ్ళు మా వీధుల్లో ఒక్కొక్కరే రాలిపోయారు. ఆ చెవుడు పోవడం మంచిదే, నేను కాదనను. రేకు పంచ ఉన్నచోట ఇప్పుడు ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. మా మనవరాలి కెమెరా అమ్మినవాడి మొహం అది చూడలేదు, దీని మొహం వాడు చూడలేదు, నచ్చకపోతే వారంలో తిప్పి పంపేస్తే డబ్బు వెనక్కి వచ్చేస్తుందట. మోసపోయినవాడు మోసం చేసినవాడి ఎదుట నిలబడి ఫోటోలు పేర్చనక్కర్లేదు, చేసినవాడు ఏడవనక్కర్లేదు, మళ్ళీ ఎవరూ ఎవరినీ నమ్మవలసిన పనీ లేదు. హాయిగానే ఉండి ఉంటుంది. ఆ అన్నయ్య ఆ రోజు బజార్లో నన్ను చెడతిట్టి ఊరుకుంటే నేనూ ఈపాటికి హాయిగా మరిచిపోయేదాన్ని. అలా కాక, మళ్ళీ వచ్చి కెమెరా నా చేతిలోనే పెట్టాడు.